క్లాస్ ఏ సరుకు

యేసుదాసును చంపినవాళ్లు తుపాకీ వాడలేదు. ముందు అతని చేతిలోని వైర్‌లెస్ సెట్‌ను మూగదాన్ని చేశారు. తర్వాత లారీ వచ్చింది. ఆళ్లగడ్డ నుంచి అహోబిలం పోయే రోడ్డు మీద, పట్టపగలు, సాయం కోసం పిలుస్తూనే పోయాడు పాపం. ఆళ్లగడ్డలో ఆ పిలుపు కోసం కూర్చున్నవాళ్లకు గరగర తప్ప ఏమీ వినిపించలేదు.

"పోలీసులు యాక్సిడెంటు అని రాసుకున్నారు. రాసుకోనీలే," అంది ఉమామహేశ్వరమ్మ.

నంద్యాల సంజీవనగర్ గేటు దగ్గర, చీరలకు ఫాల్స్ కుట్టే అంగడి మీది గది అది. వీధికి ఆమె టైలరమ్మ. సుందరరాజుకు మాత్రం గూఢచారి విభాగం చీఫ్. ఆమె విభాగంలో దొంగ రేడియో సిగ్నళ్లను వేటాడేవాళ్లు ఇద్దరే ఇద్దరు. ఒకడు మార్చురీలో ఉన్నాడు. రెండోవాడు ఆమె ఎదురుగా స్టూలు మీద కూర్చున్నాడు.

"ఇది ఆర్క్ ముఠా పని," అంది ఆమె. " ఆ పరాయి దేశపోళ్ల మెసేజీ ఒకటి మనకు చిక్కింది. 'ఆళ్లగడ్డ కూడలిలో బుల్లెట్లు దించినాం, పీటీజెడ్ కన్ను తెరిస్తే పని అయిపోతాది' అని. మనోళ్లు గుండ్లనుకొని అంగడంగడీ సోదా చేసినారు. రెండు బుల్లెట్ మోటారు సైకిళ్లు గూడా స్టేషన్ ముందర నిలబెట్టినారు."

"బుల్లెట్ అంటే కెమెరా మేడం. టార్చిలైటు మాదిరి పొడుగ్గా ఉంటాది. బోర్లించిన గిన్నె మాదిరి ఉంటే డోమ్. పీటీజెడ్ అంటే తల తిప్పి, పైకీ కిందికీ చూసి, దూరంగా ఉండేదాన్ని దగ్గరికి లాక్కునేది," అన్నాడు సుందరరాజు.

ఉమామహేశ్వరమ్మ నవ్వలేదు. "ఆ కన్ను ఎవరికోసం తెరుస్తుందో తెలుసా? భ్రమరాంబిక. క్షిపణులకు రేడియో పరికరాలు చేసే శాస్త్రవేత్త. ఈ పొద్దు జీపులో అహోబిలం పోతాంది. కాపలా లూదియా."

లూదియా సుందరరాజు చెల్లెలు. తల్లి పోయాక తలదువ్వి బడికి పంపింది అతనే. అతను స్టూలు మీద నుంచి లేచాడు.

"ఆపమని ఫోన్ చేయండి."

"ఫోన్లు ఈడనే వదిలేసినారు. లొకేషన్ పట్టేస్తారని ప్రవళిక చెప్పింది. ఇంక సెట్ ఒకటే దిక్కు. జీపు ఆళ్లగడ్డ దగ్గరికొస్తేగానీ అది నీకు అందదు. నువ్వు అడ్డదోవన ముందే ఆడికి పో."

ప్రవళిక, ముఠాకు ముసుగైన ఆర్క్ కెమెరా కంపెనీలో విభాగం రహస్యంగా పెట్టిన మనిషి. కంప్లయన్స్ ఇంజినీరు. అంటే కెమెరాల వల్ల రేడియోలకు ఇబ్బంది రాదని పరీక్షించి సంతకం పెట్టే ఉద్యోగం. ఆళ్లగడ్డ కెమెరాలకు మచ్చలేదని రిపోర్టు పంపింది ఆమే.

ఆళ్లగడ్డ కూడలిలో ఎండ మాడ్చేస్తోంది. శిల్పుల అంగళ్లలో ఉలి మోత ఆగకుండా వినిపిస్తోంది. ఖాకీ చొక్కా, భుజాన నిచ్చెన, చేతిలో సంచితో సుందరరాజు రంగమ్మ ఎరువుల అంగడి ముందు దిగాడు. సంచిలో చెల్లెలి ఛానెల్‌కు తిప్పిపెట్టిన వైర్‌లెస్ సెట్, కరెంటు మీటరులా కనిపిస్తూ గాలిలోని రేడియో సిగ్నళ్లను చూపే స్పెక్ట్రమ్ అనలైజర్ ఉన్నాయి. కూడలి కెమెరాల తీగలన్నీ ఆ అంగడి గోడ మీది పెట్టెలోకే చేరుతున్నాయి. మిద్దె అంచున పీటీజెడ్ తల వంచుకొని నిద్రపోతోంది.

యూరియా బస్తాల పక్కన నల్ల కళ్లద్దాలు, లేత పసుపు చీరతో ఒక అందగత్తె నిలబడి ఉంది. ఆమెను చూసి ఉలి పట్టినవాళ్లు కూడా దెబ్బ తప్పుతున్నారు.

"రొట్టెలోకి ఊరిబిండి ఉండాదా?" అన్నాడు సుందరరాజు.

"అయిపోయింది. కారం పొడి ఉంది," అంది ప్రవళిక. కోడ్ సరిపోయింది.

అతను అనలైజర్ తీశాడు. తెర మీద గీత చదునుగా ఉంది. ఎక్కడా రవంత రేడియో గోల లేదు.

"చెప్పాను కదా," అంది ఆమె మెల్లగా. "వెతకాల్సింది ఇక్కడ కాదు. రుద్రవరం వైపు వెళ్లు."

సుందరరాజు నమ్మాడు. మీటరు సంచిలో పెట్టి నిచ్చెన ఎత్తబోయాడు కూడా. అంతలో గల్లా దగ్గర నుంచి రంగమ్మ కల్పించుకుంది.

"దాంట్లో ఏం చూస్తాండావప్పా? ఏ క్లాస్ సరుకది. డబ్బా మీదనే రాసినారు. మొన్న ఒకాయప్ప గూడా ఇట్లనే మీటరు పట్టుకొని వచ్చినాడు."

"కరెక్టుగా చెప్పావమ్మా," అంది ప్రవళిక నవ్వుతూ. "ఏ క్లాస్ కంటే పైన ఏముంటుంది?"

ఎత్తబోయిన నిచ్చెనను సుందరరాజు మళ్లీ కింద పెట్టాడు. రంగమ్మ అలా అనుకోవడంలో తప్పు లేదు. ఊళ్లో వేరుశనక్కాయల దగ్గర నుంచి పెళ్లి బ్యాండు దాకా ఏ క్లాస్ అంటే మేలురకమే. కానీ రేడియో పరీక్షల్లో క్లాస్ ఏ అంటే ఫ్యాక్టరీలకు చేసిన సరుకని అర్థం. ఇండ్ల మధ్య పెడితే చుట్టుపక్కల రేడియోలను చెడగొట్టవచ్చని హెచ్చరిక. ఇండ్లకు తగినది క్లాస్ బీ. కంప్లయన్స్ ఇంజినీరుకు ఇది తెలియకపోతే వంటమనిషికి ఉప్పు తెలియనట్టే. ఆ రిపోర్టులు ఈమె రాసినవి కావు. ముఠావాళ్లు రాసి ఇస్తే సంతకం పెట్టింది.

"పోయే ముందు లెన్స్ తుడిచి పోతా. రాతి దుమ్ము పట్టింది," అని నిచ్చెన గోడకు ఆనించి ఎక్కాడు.

నంద్యాల రోడ్డు మలుపులో జీపు కనిపించింది. పీటీజెడ్ తలెత్తి ఆ వైపు తిరిగింది. అంతే, సంచిలోని సెట్ గరగరమంది.

"లూదియా, బండి ఆపు," అన్నాడు సెట్‌లో. గరగర తప్ప జవాబు లేదు. జీపు కూడలి దాటి అహోబిలం రోడ్డుకు తిరిగింది. ముందు సీట్లో చెల్లెలు కనిపించింది. అరిచాడు. ఉలి మోతలో ఆమె వినలేదు.

"వైరు ముట్టుకోవద్దు," అంది ప్రవళిక కింద నుంచి. చేతిలో చిన్న పిస్టల్ ఉంది. "యేసుదాసు కూడా నిచ్చెన దాకా వచ్చాడు."

ఆ కెమెరాకు వేరే కరెంటు తీగ లేదని సుందరరాజుకు తెలుసు. బొమ్మ పోయే నెట్‌వర్క్ తీగలోనే కరెంటూ వస్తుంది. ఆ ఒక్క తీగను రెండు చేతులా పట్టుకొని నిచ్చెన వదిలేశాడు.

పిస్టల్ పేలింది. గుండు గోడకు తగిలింది. తీగ ఊడి, దానితోపాటు అతను యూరియా బస్తాల మీద పడ్డాడు. ప్రవళిక రెండోసారి గురిపెట్టే లోపల రంగమ్మ విసిరిన తూకం రాయి ఆమె మణికట్టు మీద పడింది. ఉలులు పట్టుకొని శిల్పులు చుట్టూ మూగారు.

సెట్‌లో గరగర ఆగిపోయింది.

"లూదియా, ఆపు. ముందర లారీ ఉంటాది. ఆపు."

సుందరరాజు తండ్రి నేర్పిన ప్రార్థన మొదలుపెట్టి, సగంలో మరిచిపోయాడు.

"ఆపినానన్నా," అంది చెల్లెలి గొంతు. "లారీ మా ముందర అడ్డంగా వచ్చి గుంతలో పడింది. రవంత ముందుకు పోయింటే మా మీదికే. మేడం బాగుండాది. నువ్వేంది, ఏడుస్తాండావా?"

"లేదు," అన్నాడు ఏడుస్తూనే. యేసుదాసుకు ఈ మాట వినిపిస్తే ఎంత బాగుండేదో అనుకున్నాడు.

ప్రవళికను జీపెక్కించి పోలీసులు పోయారు. సుందరరాజు ఊడదీసిన కెమెరాలను సాక్ష్యంగా సంచిలో కుక్కుతుంటే రంగమ్మ గల్లా దిగి వచ్చి నడుం మీద చేతులు పెట్టుకుంది.

"అన్నీ పీక్కొని పోతాండావే, మళ్లా ఎప్పుడు బిగిస్తావ్? ఈలోపల నా అంగట్లో దొంగలు పడితే ఎవురప్పా జవాబు?"