రెండుసార్లు తాకితే

శ్యామల ఆఫీసు చూస్తే ఎవరికైనా నవ్వొస్తుంది. కొట్టం గోడలో ఒకప్పుడు దీపం పెట్టిన గూడు, దాని ముందు ఒక స్టూలు, అంతే. చండ్రుగొండ దాటి అడవి అంచున ఉన్న ఆ ఇంట్లో సిగ్నల్ దొరికేది అక్కడొక్కచోటే. ఫోన్‌ను గూట్లో నిలబెట్టి, హైదరాబాద్ కంపెనీవాళ్ల కంప్యూటర్లను ఆమె అక్కడినుంచే నడిపిస్తుంది.

ఫోన్‌లో నల్లటి తెర, దాని మీద తెల్లటి అక్షరాలు. బుల్లి కీబోర్డుతో వేళ్లు నొప్పి పుట్టి, అన్నిటికీ సైగలు పెట్టుకుంది. వేలు పైకి జరిపితే ఇంతకుముందు ఇచ్చిన ఆదేశం కనిపిస్తుంది. రెండు వేళ్లు విడదీస్తే అక్షరాలు పెద్దవవుతాయి. రెండుసార్లు తాకితే చివరి ఆదేశం మళ్లీ నడుస్తుంది. ఈ చివరి ఉపాయం తట్టినందుకు తనను తానే మెచ్చుకుంది కూడా.

రోజూ పొద్దున ఐదున్నరకు, ఒక దవాఖానాలో చిట్టీలు ఇచ్చే కంప్యూటర్‌ను ఆపి మళ్లీ లేపడం ఆమె మొదటి పని. అదయ్యాక ఫోన్‌ను అలాగే వెలుగుతూ వదిలేసి నీళ్లకు వెళ్తుంది. మూడు రోజులుగా ఆ కంప్యూటర్ ఆరింటికి, రోగులు వరుసలో నిలబడ్డాక, మరోసారి ఆగిపోతోంది.

పై అధికారి రమణ ఫోన్‌లో మండిపడ్డాడు.

"ఆదేశం నీ ఫోన్ నుంచే వస్తోంది. అక్కడ జనం లొల్లి చేస్తున్నరు. ఇంకోసారి ఇట్లయితే ఇంటి నుంచి పని బంద్. హైదరాబాద్ వస్తవో, మానేస్తవో నీ ఇష్టం."

"నేను ముట్టలే సార్!"

"మరి దయ్యం ముట్టిందా?"

శ్యామలకు ఆ పూట ముద్ద దిగలేదు. రెండేళ్లు తిరిగితే దొరికిన కొలువు. దాన్ని నిలబెట్టుకోవాలంటే పాల్వంచలో షిఫ్టులు చేసే భర్త సతీష్‌ను, కన్నతల్లిలా చూసే అత్త జంపక్కను వదిలి వెళ్లాలి.

మర్నాడు పొద్దున్నే పని కాగానే కనెక్షన్ తీసేసి, తెర మాత్రం వెలిగేలా ఉంచి, బిందె పట్టుకుని దడి చాటున నిలబడింది. ఇప్పపువ్వు రాలడం మొదలై నాలుగు రోజులైంది. ఏరడానికి బయల్దేరిన జంపక్క, గంప చంకన పెట్టుకుని గూడు దగ్గర ఆగింది. చేయి చాపి ఫోన్‌ను రెండుసార్లు తాకింది.

"అత్తమ్మా!" బిందె కింద పడేసి శ్యామల పరుగెత్తుకొచ్చింది. "నువ్వేనా! గదేమన్న ఆటబొమ్మ అనుకున్నవా? నీ వల్ల నా కొలువు పోతది!"

జంపక్క నిప్పు తగిలినట్టు చేయి వెనక్కి తీసుకుంది. "నాకు తెల్వదు బిడ్డా..."

"తెల్వకపోతే ముట్టొద్దు. ఆ చేతులు దూరం పెట్టుకో!"

కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేం. జంపక్క తల వంచుకుని అడవిదారి పట్టింది.

మధ్యాహ్నం ఆమె పువ్వుతో తిరిగొచ్చింది. గంప దించి, దాన్ని రెండుసార్లు తాకి, వేళ్లు కళ్లకద్దుకుంది. తర్వాత గూడు వైపు తిరిగింది. రెండు చేతులూ వీపు వెనక దాచుకుని, దూరం నుంచే తల వంచింది.

శ్యామలకు అప్పుడు అర్థమైంది. గంపకూ కొడవలికీ అత్త అలా మొక్కడం ఎన్నిసార్లు చూడలేదు!

"అత్తమ్మా, ఫోన్‌కు మొక్కుతున్నవా?"

"అవ్ బిడ్డా. అన్నం పెట్టేదానికి మొక్కకుండ పనికి పోవద్దని మా అమ్మ చెప్పింది. గంప నాకు పెడ్తది, గది నీకు పెడ్తది. పువ్వుకు పోతా పోతా దానికి గూడ మొక్కితే నీకు మంచిగైతదనుకున్న. ఇంక ముట్టను, కోపం చెయ్యకు."

శ్యామల ఆమె భుజం మీద వాలి భోరుమంది. ఆ పూటే రమణకు ఫోన్ చేసి ఉన్నదంతా చెప్పింది.

"తప్పు నాదే సార్. ఉత్తగ తాకితే నడిచేటట్టు పెట్టిన. ఇప్పుడే మారుస్త. మా అత్తమ్మ దానికి మొక్కింది, అంతే."

"సరే, రేపు ఆరింటికి చూస్త," అన్నాడు రమణ.

మూడు వేళ్లతో కిందికి లాగితే తప్ప ఆదేశం నడవకుండా శ్యామల మార్చేసింది. రెండుసార్లు తాకడానికి ఏ పనీ పెట్టలేదు. ఆ సైగను అత్తకు వదిలేసింది.

తెల్లవారి, కనెక్షన్ ఉండగానే, జంపక్కను గూడు దగ్గరికి తీసుకొచ్చింది.

"వద్దు బిడ్డా, భయమైతది."

"నేనున్న గద." శ్యామల ఆ గరుకు వేళ్లు పట్టుకుని తెరకు ఒకసారి ఆనించింది. రెండోసారి ఆనించింది. తెర మీద ఒక్క అక్షరం కూడా కదల్లేదు.

ఇద్దరూ గూడు ముందే నిలబడ్డారు. ఆరు దాటి ఐదు నిమిషాలకు రమణ నుంచి మెసేజ్ వచ్చింది: నడుస్తోంది. ఇంటి నుంచే చేసుకో.

"ఏమన్న అయిందా బిడ్డా?"

"ఏం కాలే అత్తమ్మా. రోజూ మొక్కు."

జంపక్క మళ్లీ రెండుసార్లు ఫోన్‌ను తాకింది. ఈసారి ఆ వేళ్లను తన కళ్లకు కాదు, తడిసిన కోడలి కళ్లకు అద్దింది.