వదిన ఆపమన్న చప్పుడు

మధ్యాహ్నం భోజనం చేస్తుండగా వదిన ఫోన్ చేసింది. "లోడర్ బకెట్ పిన్నులు మార్చాలి లొవెల్. ఇవాళే రా." మిన్నెసోటాలో జనవరి నెల. మంచుగాలి లేచేలా ఉంది. అయినా కొత్త ఇనప పిన్నులు, అవి దూరే బుష్‌లు, సుత్తి బండిలో వేసుకుని బయల్దేరాను.

మా అన్నయ్య వెర్లిన్ పోయిన చలికాలంలో చనిపోయాడు. టర్కీ కోళ్ళ షెడ్డుకి, ఇంటికి మధ్య దూరం ఎంతో లేదు. కానీ ఆ సాయంత్రం మంచుగాలిలో చాచిన చెయ్యి కూడా కనపడలేదు. ఇంటికని బయల్దేరి, దారి తప్పి, బీట్ దుంపల పొలంలోకి నడిచి వెళ్ళిపోయాడు. మంచు కరిగాకే దొరికాడు.

షెడ్డులో కోళ్ళ వాసన, డీజిల్ వాసన కలిసిపోయి ఉన్నాయి. వదిన లోడర్ ఎక్కింది. వదిన బకెట్ ఎత్తి దించింది. లోడర్ ముందున్న ఆ ఇనప తొట్టి వదులుగా కొట్టుకుంది. ఠంగ్... ఠంగ్. తొట్టిని మోసే ఇనప చేతుల కింద దిమ్మెలు పెట్టి చూశాను. పిన్నులు ఒక పక్క గాడి పడేలా అరిగాయి. బుష్‌ల రంధ్రాలు కోలగా సాగిపోయాయి.

"ఇంత లూజుతో ఎలా నడుపుతున్నావు వదినా?"

"మీ అన్న నడిపింది ఇలాగే. ఈ చప్పుడు దగ్గరపడితే కప్పులో కాఫీ పోసేదాన్ని." తలుపు వైపు చూసింది. "ఇప్పుడూ వస్తున్నాడు లొవెల్."

నవ్వబోయాను. ఆమె ముఖం చూసి ఊరుకున్నాను.

"మంచు పడే రోజు బకెట్ మోగితే చాలు. తలుపు దగ్గరికొచ్చి బూట్లు దులుపుకుంటాడు. చలేస్తోందంటాడు. తీస్తే ఎవరూ ఉండరు. తను చనిపోయిన సంగతి ఆయనకింకా తెలీదు. ఈ చప్పుడు ఆగితే ఇల్లు వెతుక్కోవడం మానేస్తాడేమో. ఎక్కడో ఒకచోట పడుకుంటాడేమో."

డబ్బా నిండా మంచు తెచ్చి కొత్త బుష్‌లు అందులో పూడ్చాను. చలికి కాస్త కుంచించుకుంటే సులువుగా దిగుతాయి. పాత పిన్నుల్ని సుత్తితో కొట్టి బయటికి తీయసాగాను.

ఆఖరి పిన్ను సగం వచ్చింది. షెడ్డు తలుపు బయట ఎవరో బూట్లు నేలకేసి కొట్టారు.

నా చెయ్యి ఆగిపోయింది.

"ఆపకు," వదిన గుసగుసగా అంది. "ఇదే ఆఖరుసారి. కొట్టు."

కొట్టాను. పిన్ను రాలిపడింది. కొత్త బుష్‌లు దించి, కొత్త పిన్నులు తోసి, అంచుల్లోంచి ఉబికి వచ్చేదాకా గ్రీజు ఎక్కించాను. వదిన బకెట్ ఎత్తి దించింది.

చప్పుడు లేదు.

ఇంజిన్ ఆపింది. బయట గాలి ఒక్కటే. తర్వాత, కాస్త అవతల...

"ఆర్డిస్... ఏ వైపు?"

అన్నయ్య గొంతే. వదినని మళ్ళీ పేరు పెట్టి పిలిచాడు, ఇంకా దూరం నుంచి. పొలం వైపు వెళ్ళిపోతున్నాడు. వదిన రెండు చేతులతో నోరు మూసుకుంది. ఒక పిలుపు ఓర్చుకుంది. ఇంకొకటి ఓర్చుకుంది. ఆ తర్వాత నా చేతిలో సుత్తి లాక్కుని బకెట్ మీద బాదడం మొదలుపెట్టింది.

"ఇటు వెర్లిన్. ఇటు రా. నేనిక్కడే ఉన్నా."

పిలుపు ఆగింది.

తలుపు అవతల బూట్లు దులుపుకున్న చప్పుడు. "తలుపు తియ్యి ఆర్డిస్. చలేస్తోంది."

వదిన పరుగున వెళ్ళి గడియ పట్టుకుంది. సరిగ్గా అప్పుడే, పొలం చివర నుంచి, సన్నగా...

"ఆర్డిస్... ఏ వైపు?"

అదీ అన్నయ్య గొంతే.

వదిన నా వైపు తిరిగింది. "ఏది లొవెల్? ఏది ఆయన?"

నాకు తెలీలేదు. దూరపు పిలుపు ఇంకోసారి వినిపించి గాలిలో కలిసిపోయింది. వదిన గడియ వదిలేసి, అక్కడే నేల మీద కూలబడింది. ఏడుపు కూడా రాలేదు ఆమెకి.

తలుపు అవతల చాలాసేపు ఏమీ లేదు. తర్వాత నెమ్మదిగా...

"పిచ్చుకా... నువ్వూ ఉన్నావా లోపల?"

చిన్నప్పుడు ఒకే మంచం మీద పడుకునేవాళ్ళం. దీపం ఆర్పాక అన్నయ్య నన్ను పిలిచే పేరు అది. అమ్మకి తెలీదు. వదినకీ తెలీదు.

గడియ మీద ఒక చెయ్యి ఉంది. చూస్తే అది నాదే.