జనరేటర్ షెడ్డు గోడ

స్మార్ట్ క్లాస్‌రూమ్ గోడకు యంత్రం ఆనించి కమిటీ తరఫున వచ్చిన డాక్టర్ షరీఫ్ స్విచ్ నొక్కాడు. స్క్రీన్ మీద సున్నా. పక్క గదిలోనూ సున్నాయే.

ప్రిన్సిపాల్ సుదర్శనరావు మొహం మాడిపోయింది. మాడదూ మరి! కాలేజీకి గ్రేడ్ ఇచ్చే కమిటీ వస్తోందని రంగులు వేయించాడు, లైబ్రరీకి అద్దె పుస్తకాలు తెప్పించాడు, పక్క ఊరి లెక్చరర్లకు టైలు కట్టి కూర్చోబెట్టాడు. ఇన్నాళ్లూ ఏ కమిటీ వచ్చినా చూసింది ఫైళ్లు, తిన్నది జీడిపప్పు. ఈసారి యంత్రం వచ్చిపడింది.

ఫిజిక్స్ చెప్పే హైమవతికి పిల్లల దిగులు పట్టుకుంది. గ్రేడ్ రాకపోతే కాలేజీ మూతే. తన అరవైమంది పిల్లలూ చదువు మధ్యలో రోడ్డున పడతారు.

"ఇంతకీ ఇది ఏం కొలుస్తుంది సార్?" అని అడిగింది.

"పాఠం అర్థమైన క్షణంలో మెదడు నుంచి చిన్న తరంగం వెలువడుతుందమ్మా. దీపపు గూటికి మసి పట్టినట్టు, అది గోడ సున్నానికి పట్టుకుంటుంది. మా సెన్సర్ ఆ జాడను వెలుగుగా చూపిస్తుంది. మీరు పాఠం ఎక్కడ చెబుతారు?"

హైమవతి ప్రిన్సిపాల్ వైపు చూసింది. మంచి గదులు పాడవకూడదని, కమిటీ వచ్చేదాకా తాళాలు వేసి ఉంచుతారాయె. "వెనక... జనరేటర్ షెడ్డులో సార్."

అందరూ అక్కడికి వెళ్లారు. స్విచ్ నొక్కగానే, అమ్మ బాబోయ్! పెచ్చులూడిన గోడంతా నీలం చుక్కలతో వెలిగిపోయింది. ఒకటా రెండా, వేలకు వేలు! కింద మూలన ఒక చుక్క మిగతావాటికంటే పెద్దగా మెరుస్తోంది.

"ఇక్కడెవరు కూర్చుంటారమ్మా?"

"మా ఏడుకొండలు సార్. మూడుసార్లు తప్పాడు. లెన్సుల పాఠం అర్థమైన రోజు లేచి గంతేశాడు."

చెబుతూనే ఆమె ఏడ్చేసింది. అంతటి సుదర్శనరావూ బూట్లు విప్పి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "నా సర్వీసులో ఇలాంటి గోడ చూడలేదు" అన్నాడు షరీఫ్, గొంతు తగ్గించి.

అన్నిటికంటే పెద్ద గ్రేడ్ వచ్చింది. కాలేజీ నిలబడింది.

సోమవారం పిల్లలతో వెళ్లేసరికి షెడ్డు తలుపుకు తాళం; కిటికీలోంచి చూస్తే గోడకు గాజు అద్దం బిగించి ఉంది.

"ఐదేళ్లకు మళ్లీ కమిటీ వస్తుందమ్మా. అందాకా ఆ గోడ చెక్కు చెదరకూడదు" అన్నాడు సుదర్శనరావు సంబరంగా.

"మరి పిల్లలు సార్? పోనీ, స్మార్ట్ క్లాస్‌రూమ్ ఇప్పించండి."

"భలేవారే! మొన్ననే గదమ్మా రంగు వేయించింది!"

హైమవతి బోర్డు మోయించుకుని సైకిల్ స్టాండు అవతల, ఆరుబయట పాఠం మొదలుపెట్టింది. పిల్లలకు బాగానే అర్థమైంది. ఆ సంగతి పట్టి ఉంచడానికి అక్కడ గోడే లేదు.