ఏనుగుబండలో రాజుగారి సొమ్ము

"ఏనుగుబండ కడుపున రాజుగారి సొమ్ము కలదు."

ఊరి చరిత్ర రాసిపెట్టిన పాత గ్రామ కైఫీయతులో ఈ వాక్యం కంటపడిన రోజు హైమావతికి అన్నం సహించలేదు. మార్కాపురం కాలేజీలో ముప్ఫై ఏళ్లు చరిత్ర పాఠాలు చెప్పిన ఆమెకు ఆ పేరు ఏ పటంలోనూ దొరకలేదు. చివరికి, తేనె అమ్మడానికి ఊళ్లోకి వచ్చిన చెంచు అంకన్నను అడిగితే, "అదా? మా గూడేనికి పైన, పాడుకోట పక్కనుంటదమ్మా" అన్నాడు తేలిగ్గా.

అటవీశాఖ అనుమతి రాగానే ముగ్గురు బయలుదేరారు. ముందు అంకన్న, భుజాన తేనె కొట్టే తాడుతో. మధ్యలో హైమావతి. వెనక ఫోటో స్టూడియో సుభానీ, కెమెరాతోపాటు ఒక ఖాళీ గోనెసంచితో.

"సంచెందుకు సుభానీ?"

"ఉంటే మంచిది కదా మేడమ్."

వెదురు పొదలను తప్పించుకుంటూ, రెండుసార్లు వాగు దాటి, మధ్యాహ్నానికి కోట చేరారు. కూలిన గోడలను మర్రివేళ్లు, అడవితీగలు అల్లుకుని ఉన్నాయి. సింహద్వారపు కమాను మాత్రం చెక్కుచెదరలేదు. హైమావతి ఆ రాతిని అరచేత్తో తడిమింది. అరవై ఏళ్ల వయసులో మోకాళ్ల నొప్పి ఆమెకు గుర్తే లేదు.

కోట వెనకే ఏనుగుబండ. దాని కింద గుహ. పాక్కుంటూ లోపలికి వెళితే, పైన మనిషి పట్టేంత పగుల్లోంచి వెలుతురు పడుతోంది. ఆ వెలుతురులో గోడమీద పాత తెలుగు అక్షరాలు! హైమావతి సుద్దముక్కతో రుద్ది, ఒక్కొక్క మాటా పైకి చదువుతూ పుస్తకంలో రాసుకుంది. చివరి పంక్తికి వచ్చేసరికి నవ్వేసింది.

"సొమ్మంటే బంగారం కాదు. ఈ కొండ తేనెలో రాజుకు రావలసిన వాటా. దాన్ని చెంచులకు వదిలేశాడు."

"మాకా?" అన్నాడు అంకన్న.

సుభానీ నిట్టూర్చి కెమెరా తీయబోయాడు. ఇంతలో బయట ఉరిమింది. జోరున వాన. ఆ వెంటే గుహ ద్వారంలో నల్లటి ఆకారం అడ్డుపడింది. వీపున రెండు పిల్లలతో ఎలుగుబంటి.

"అరవొద్దు," అన్నాడు అంకన్న మెల్లగా. "పైకి."

పగులు పట్టుకుని క్షణంలో పైకెక్కి తాడు జారవిడిచాడు. ఎలుగు గుర్రుమంటూ ముందుకొచ్చింది. సుభానీ గోనెసంచి దానిమీదికి విసిరాడు. అది సంచిని చీల్చేలోపు హైమావతిని భుజాలమీద నిలబెట్టుకుని పైకి తోశాడు. అంకన్న ఆమెను లాగేశాడు. ఆ పెనుగులాటలో ఆమె చంకలోని పుస్తకం జారి కింద పడింది. తరవాత సుభానీ, ఒక చెప్పు పోగొట్టుకుని, పైకి చేరాడు.

వాన వెలిసింది. ముగ్గురూ బండమీద ఆయాసంతో కూర్చున్నారు. కిందినుంచి కాగితాలు చిరుగుతున్న చప్పుడు.

"నేను రాసుకున్నదంతా పోయింది," అంది హైమావతి. "మళ్లీ దిగలేమా?"

"పిల్లలు పెద్దయ్యేదాకా ఆ యిల్లు దానిదేనమ్మా. దిగొద్దు." అంకన్న తాడు చుట్టుకుంటూ అన్నాడు. "మాటలు కావాలా? మీరు పైకి చదువుతుంటే విన్నాగా. నేను చెప్తా, రాసుకోండి."

సుభానీ జేబులో తడవని కాగితం ఒకటి మిగిలింది. అంకన్న కళ్లు మూసుకుని, తాతల పాట పాడినట్టు చెప్పుకుపోయాడు.

"ఈ కొండ దారి కాచు చెంచులకు, బండ తేనియ, కొమ్మ తేనియ, పుట్ట తేనియ, రాజభాగము విడిచి, సూర్యచంద్రులున్నంత కాలము ఇచ్చితిమి."

హైమావతి చకచకా రాసి, తిరిగి చదివి వినిపించింది.

"పుట్ట తేనియ వదిలేశారమ్మా," అన్నాడు అంకన్న.

ఆమె కాగితం చూసుకుంది. నిజమే. చిన్నపిల్లలా సంతోషంగా తప్పు దిద్దుకుంది.