నీళ్లింకిన కళ్లు

తిరిగొచ్చిన తానులు పదకొండు. తెచ్చిన బండివాడు వాటిని వాకిట్లో దింపి, ఎవరి ముఖమూ చూడకుండా బండి తిప్పుకుని వెళ్లిపోయాడు. అమ్మిన సరుకు మళ్లీ గుమ్మంలోకి రావడం ఏ వ్యాపారంలోనైనా చావు కబురులాంటిదే. అందులోనూ ఒకే కొట్టు నుంచి, ఒకే రంగు, ఆరు నెలల్లో మూడోసారి... పై తానుకి యూనిఫారాలు కుట్టే కొట్టాయన ఒక చీటీ గుచ్చి పంపాడు. "మేము అడిగింది లేత నీలం. మీరు పంపింది వంకాయ రంగు. పిల్లలు వేసుకుని వెళ్లేది బడికి, నాటకానికి కాదు. ఇక మీ దారి మీది, మా దారి మాది."

కొడుకు చదివి, మడిచి జేబులో పెట్టుకోబోయాడు. తండ్రి చెయ్యి చాపాడు. వీధంతా రంగుల మేస్త్రీ అని పిలిచే ఆ పెద్దాయనకి డెబ్బై నాలుగేళ్లు. యాభై ఏళ్లుగా ఇంటి వెనక షెడ్డులో గుడ్డలకి రంగులు వేయిస్తున్నాడు. చీటీని ఆయన చదవలేదు. పిడికిట్లో నలిపేశాడు.

"కోడల్ని పిలవండి."

కోడలు గంగాళాల దగ్గర్నుంచి అలాగే వచ్చింది. మోచేతుల దాకా నీలం. పద్దెనిమిదేళ్లుగా ఆ ఇంట్లో రంగుపొడి కొలిచేదీ కలిపేదీ ఆ అమ్మాయే. తానుల్ని చూడగానే ఆమెకి ఎవరూ ఏమీ చెప్పక్కర్లేకపోయింది.

"మూడుసార్లు" అన్నాడు మామగారు. "మూడుసార్లు నా పరువు బజారుకెక్కించావు. చెప్పినంత వెయ్యడానికి నీకేం కష్టమమ్మా? చెయ్యి పని మీద పెట్టి ధ్యాస ఎక్కడ పెడుతున్నావు?"

"మీరు చెప్పినంతే వేశాను మామయ్యగారూ."

"అంటే నేను తప్పు చెప్పానా?"

రంగుల్లో ఆఖరి మాట ఆయనదే. మిగతా రంగులవాళ్లు గిరాకీ ఇచ్చిన గుడ్డముక్కని పక్కన పెట్టుకుని సరిచూసుకుంటారు. ఆయన చూడడు. ముక్క చూసి రంగు కలపడం చేతకానివాళ్ల పని అంటాడు. ఒకసారి చూసిన రంగు ఇరవై ఏళ్లయినా ఆయన తలలో అలాగే ఉంటుంది. పొద్దున వెలుతురులో తడిగుడ్డని గుమ్మం దగ్గర ఎత్తిపట్టుకుని "ఇంకో చెంచా నీలం" అంటాడు. కోడలు వేస్తుంది. "ఇంకో అర చెంచా" అంటాడు. వేస్తుంది. చివరికి "చాలు" అంటాడు. ఆ "చాలు" మీదే ఆ ఇంటి పొయ్యి యాభై ఏళ్లు వెలిగింది.

"రేపట్నుంచి నువ్వు షెడ్డులో అడుగు పెట్టకు" అన్నాడు. "మా చెల్లెలి కొడుకు వస్తాడు. నువ్వు వంటిల్లు చూసుకో."

ఆ చెల్లెలు అక్కడే ఉంది. నాలుగు రోజులు ఉండి పోదామని వచ్చిన మనిషి, నాలుగు నెలలైంది. "మావాడికి చెయ్యి తిరగడం ఎంతసేపు అన్నయ్యా" అని మెల్లిగా అందించింది.

కోడలు ఏడవలేదు. అరవలేదు. "షెడ్డులోకి రావద్దంటే నేను ఈ ఇంట్లోనూ ఉండను" అంది. "పద్దెనిమిదేళ్లు ఆ గంగాళాల ముందు నిలబడ్డాను. మా అక్క ఊళ్లోనూ రంగులవాళ్లు ఉన్నారు. నా చేతుల్ని అక్కడెవరైనా నమ్ముతారు." లోపలికి వెళ్లి మంచం కింద నుంచి పెట్టె లాగిన చప్పుడు వినిపించింది. కొడుకు పెళ్లాం వెనక రెండడుగులు వేశాడు, తండ్రి దగ్గినట్టనిపించి ఒకడుగు వెనక్కి వేశాడు, చివరికి గడప మీద నిలబడిపోయాడు.

ఇదంతా వంటింటి గుమ్మం దగ్గర నిలబడి చూస్తున్నది మేస్త్రీగారి భార్య. ఆవిడకి అరవై ఎనిమిది. లోపల ఏదో కోసుకుపోవాలి. కోసుకుపోలేదు. గుండె దడదడలాడాలి. అదీ లేదు. చేతిలో ఉన్న గరిటె గిన్నెలో పెట్టి, గిన్నె మీద మూత పెట్టి, మూత సరిగ్గా కూర్చుందో లేదో కూడా చూసుకుంది. ఒకప్పుడైతే ఈపాటికి ఇల్లంతా మునిగిపోయేంత ఏడ్చి ఉండేది...

ఏడుపు ఆవిడకి పుట్టుకతో వచ్చిన శత్రువు. మాట నోటిదాకా వచ్చేది, దానికంటే ముందు కన్నీళ్లు వచ్చి కూర్చునేవి. పెళ్లిలో, పురిట్లో, పిల్లాడి చదువు దగ్గర, ఎప్పుడు నోరు తెరిచినా అంతే. గొంతు పూడుకుపోయి, ముక్కు ఎర్రబడి, చెప్పాల్సింది సగంలో వదిలేసేది. ఎదుటివాళ్లు జాలిపడేవారు. జాలిపడి, ఓదార్చి, వాళ్లు అనుకున్నదే చేసేవారు. కన్నీళ్లు చవకబేరం. ఎదుటివాడికి ఒక మెత్తని మాటతో పని తీరిపోతుంది, మనకి చేతికొచ్చేది ఏమీ ఉండదు. ఈ సంగతి తెలుసుకోవడానికి ఆవిడకి ఒక జీవితం పట్టింది.

రెండు నెలల కిందట ఎడమ కంటికి శుక్లం తీయించుకుంది. అప్పుడు డాక్టరు ఏదో దీపం వేసి చూసి, "అమ్మా, మీ కళ్లలో నీళ్లు బాగా తగ్గిపోయాయి. పెద్దతనంలో మామూలే. ఈ చుక్కలు రోజుకి నాలుగుసార్లు వేసుకోవాలి" అన్నాడు. కొడుకు గాభరా పడ్డాడు గానీ ఆవిడకి మాత్రం నవ్వొచ్చింది. వాడాల్సిందంతా ముందే వాడేశాను కాబోలు అనుకుంది. ఇంటికొచ్చి పరీక్షించుకుంది కూడా. చనిపోయిన తల్లిని తలుచుకుంది. గర్భంలోనే పోయిన బిడ్డని తలుచుకుంది. కళ్లు మండాయి తప్ప ఒక్క చుక్క రాలేదు. లోపల బాధ లేదని కాదు. మూట అలాగే ఉంది, విప్పేవాళ్లు లేరు, అంతే. ముసలితనం మీద ఊరంతా నష్టాలే చెబుతుంది. మోకాళ్లు పోతాయి, పళ్లు పోతాయి, నిద్ర పోతుంది... నిజమే. కానీ పోయేవాటిలో భయమూ ఉంది, సిగ్గూ ఉంది. ఆడపడుచు సూటిపోటి మాటల్లో సగం చెవిదాకా రావు. ఎక్కడికి వెళ్తున్నావని ఎవరూ అడగరు. ఇప్పుడు ఈ ఏడుపు కూడా పోయింది. ఆవిడ దీన్ని లాభంలోనే వేసుకుంది.

వాకిట్లోకి వచ్చింది. ఎండ తానుల మీద పడుతోంది. ఆపరేషన్ అయిన దగ్గర్నుంచి ఆవిడకి ఒక సరదా. ఒక కన్ను మూసి ఒక కంటితో, మళ్లీ మార్చి రెండో కంటితో, గోడల్నీ గిన్నెల్నీ చూస్తుంది. కుడి కంటికి ఇంకా శుక్లం ఉంది. ఆ కంటికి ప్రపంచమంతా పాత కాగితంలా కనిపిస్తుంది. ఎడమ కంటికి అన్నీ ఉతికి ఆరేసినట్టు ఉంటాయి. ఇప్పుడూ అలవాటుగా అలాగే చూసింది. కుడి కంటితో చూస్తే తానులు లేత నీలం. ఎడమ కంటితో చూస్తే వంకాయ.

మళ్లీ చూసింది. మూడోసారీ చూసింది. ఆవిడ ఆశ్చర్యపోలేదు. చాలాకాలంగా పోయిందనుకున్న తాళంచెవి కొంగుకే ఉందని తెలిసినట్టు ఊరికే నిలబడింది.

అప్పటికి మధ్యాహ్నం చుక్కల వేళ దాటిపోయింది. కళ్లు ఇసుక పోసినట్టున్నాయి. నడుముకి దోపుకున్న సీసా తీసి, తల పైకెత్తి, రెండు కళ్లలోనూ వేసుకుంది. మందు నిండి చెంపల మీదికి జారింది.

"వదిన మొదలెట్టింది" అంది ఆడపడుచు.

మేస్త్రీగారు చూశాడు. ముఖంలో కోపం తగ్గి, ఆ పాత జాలి వచ్చింది. "ఊరుకో, ఏడవకు. నీకెందుకివన్నీ? లోపలికెళ్లి పడుకో."

"ఏడవడం లేదు" అంది ఆవిడ. "ఇది మందు. రెండు నిమిషాల్లో కారడం ఆగుతుంది. ఆగాక మాట్లాడతాను. అందాకా ఎవరూ ఎక్కడికీ వెళ్లకండి."

గొంతు వణకలేదు. ఆ గొంతు అలా ఉండగలదని ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు, ఆవిడతో సహా. గది గుమ్మంలో పెట్టెతో వచ్చిన కోడలు ఆగిపోయింది. నలుగురూ నిలబడి ఒక ముసలావిడ చెంపలు ఆరేదాకా చూశారు. యాభై ఏళ్ల కాపురంలో ఆవిడ కోసం మనుషులు ఆగడం అదే మొదటిసారి.

కొంగుతో ముఖం తుడుచుకుంది. "ఏవండీ, మీరు ఏం రంగు చొక్కా వేసుకున్నారు?"

"ఇదేం ప్రశ్న? తెలుపు. నేను తెల్లచొక్కా తప్ప ఎప్పుడైనా వేసుకున్నానా?"

కొడుకు నేల చూపులు చూశాడు. కోడలు పెట్టెని మెల్లిగా కింద పెట్టింది. అది ఆయనకి నచ్చలేదు. ఒక్కొక్కరి ముఖం చూశాడు.

"ఏమిట్రా? చెప్పు" అన్నాడు కొడుకుతో.

"అది... కొట్టువాడు పొరపాటున ఇచ్చాడు నాన్నా. మార్చుకొద్దామనుకునేలోపు మీరు వేసేసుకున్నారు. ఇష్టపడి వేసుకున్నారేమోనని..."

"ఏం రంగురా ఇది?"

కొడుకు పెళ్లాం వైపు చూశాడు. కోడలే చెప్పింది, రోగికి జ్వరమెంతుందో చెప్పినట్టు నెమ్మదిగా. "లేత పసుపు మామయ్యగారూ. రెండు నెలలైంది."

ఆయన చొక్కా అంచు పట్టుకుని కంటికి దగ్గరగా తెచ్చుకున్నాడు. ఎండలోకి నడిచి చూశాడు. తీగ మీద ఆరుతున్న తెల్లదుప్పటి పక్కన పెట్టి చూశాడు. రెండూ ఒకటే. ఆయన భుజాలు చూస్తేనే తెలిసింది, రెండూ ఒకటేనని.

"నా కుడి కన్ను మీ కళ్లలాంటిదే" అంది ఆవిడ. "దానితో చూస్తే ఈ తానులు మీరు చెప్పిన నీలమే. మీ తలలో ఉన్న రంగు తప్పు కాదు. కంట్లో ఉన్న శుక్లానిదే తప్పు. మీకు నీలం వెలిసినట్టు కనిపిస్తుంది, ఇంకో చెంచా అంటారు. మళ్లీ వెలిసినట్టే ఉంటుంది, ఇంకో అర చెంచా అంటారు. అమ్మాయి మీరు చెప్పినంతే వేసింది. ఒక్క చెంచా తగ్గించి వేసుంటే ఈ సరుకు తిరిగొచ్చేది కాదు. మీ మాట జవదాటకపోవడమే తను చేసిన తప్పు."

"వదినా, అన్నయ్యకి కళ్లు కనిపించవంటావా..." అని ఆడపడుచు అందుకుంది.

"నువ్వు రెండు నెలలుగా ఆ పసుపుచొక్కా చూస్తున్నావు. చెప్పావా? లేదు. నేనూ చెప్పలేదు. ఎందుకు చెప్పలేదో నీకూ తెలుసు, నాకూ తెలుసు. ఊరుకో."

ఆడపడుచు లోపలికి వెళ్లిపోయింది.

మేస్త్రీగారు తానుల మీదే కూర్చుండిపోయాడు. చాలాసేపు తన అరచేతులు చూసుకున్నాడు. తర్వాత పై తాను కొస విప్పి, తలెత్తకుండానే ఎత్తి పట్టుకున్నాడు. "ఇలా రామ్మా" అన్నాడు. "ఇదెంత తేడా ఉందో చెప్పు."

కోడలు కదల్లేదు. "షెడ్డులోకి రావద్దన్నారు."

"అన్నాను." ఆయన గుడ్డ కొసని ఆమె వైపు ఇంకొంచెం చాపాడు. "తప్పన్నాను. రేపట్నుంచి ఆ చాలు అనేది నువ్వే అను. నేను... నేను గంగాళాల కింద కట్టెలు సర్దుతాను."

కోడలు వచ్చి గుడ్డ పట్టుకుంది. అత్తగారి వైపు చూసింది, ఏదో అనాలన్నట్టు. ఇప్పుడు ఏడుపు ఆ అమ్మాయి వంతు. నీలం చేతులతో కళ్లు తుడుచుకోబోతుంటే అత్తగారు మణికట్టు పట్టుకుని ఆపింది. "కంట్లో పడుతుంది. ముందు చెప్పాల్సింది చెప్పు, తర్వాత తీరిగ్గా ఏడువు." కోడలు ముక్కు ఎగబీల్చి, "ముప్పాతిక చెంచా ఎక్కువైంది మామయ్యగారూ. వీటిని వెలిసేదాకా కాచి, మళ్లీ వెయ్యొచ్చు. సరుకు పోలేదు" అంది. కొడుకు పెట్టెని ఎవరూ చూడకుండా లోపలికి మోసుకుపోయాడు.

సాయంత్రం వాకిలి ఖాళీ అయ్యాక పెద్దాయన వంటింటి గుమ్మంలోకి వచ్చి కూర్చున్నాడు. ఎప్పుడూ అక్కడ కూర్చునే మనిషి కాదు.

"పెళ్లయిన కొత్తలో నువ్వూ రంగులు కలిపేదానివి" అన్నాడు. "మూడేళ్లు కలిపావు. ఎర్రరంగు ఒకటి నిలవకుండా కారిపోయిందని మా అమ్మ నిన్ను వంటింట్లో పెట్టింది."

"అవును."

"అప్పుడూ తప్పు నీది కాదేమో."

"ఉప్పు వెయ్యాల్సింది మీరు. మరిచిపోయారు."

ఆయన తల వంచుకున్నాడు. "మరి అప్పుడే చెప్పొచ్చుగా..."

"చెప్పాలనే వచ్చాను. ఏడుపొచ్చింది."

అంతే అంది. నలభై ఏడేళ్లు ఆ మూడు ముక్కల్లో పట్టాయి. ఇలా చెప్పే రోజు వస్తే ఏమవుతుందోనని ఒకప్పుడు ఎన్ని రకాలుగా ఊహించుకుందో. ఆయన కాళ్ల మీద పడతాడనీ, తాను వెక్కివెక్కి ఏడుస్తుందనీ... ఏమీ కాలేదు. సంతోషం కూడా దూరంగా, పక్కింట్లో వినిపించే మాటల్లా ఉంది. కాళ్లు మాత్రం లాగుతున్నాయి. ఆవిడ పీట లాక్కుని ఆయనకి ఎదురుగా కూర్చుంది.

ఆయన గోడ వైపు చూస్తూ అడిగాడు. "ఆ ఆపరేషన్... నొప్పేస్తుందా?"

"నొప్పి ఉండదు. అయ్యాకే కొంచెం కష్టం."

"ఏం?"

"ఈ గోడలకి సున్నం వేసి ఎన్నేళ్లయిందో తెలుస్తుంది. అద్దంలో మీరెంత ముసలాడయ్యారో తెలుస్తుంది." పీట కాస్త ముందుకి జరుపుకుంది. "నన్ను చూసి జడుసుకోకండి. అంతా ఒక్కసారే కనిపిస్తుంది."

ఆయన చెయ్యి చాపి, తడుముకుంటున్నట్టు, ఆవిడ చెంప మీద పెట్టాడు. చెంప పొడిగా ఉంది. కాసేపు అలాగే ఉంచాడు. ఆవిడ తీసెయ్యమనలేదు.