శ్రీకర్ వదిలివెళ్ళిన సర్వర్

ఎల్‌బీ నగర్ చౌరస్తా దాటాక, ఫ్లైఓవర్ నీడ పడే వరసలో ఒక పార్సిల్ ఆఫీసు ఉంది. లారీలు విజయవాడ వైపు వెళ్ళిపోయాక, సాయంత్రం పూట అక్కడ గోనెసంచుల వాసన, డీజిల్ వాసన తప్ప ఇంకేమీ మిగలదు. మేడమీద గదిలో బుకింగులు చూసే సింధూర ఆ వేళకి రోజూ ఇంటికి బయల్దేరుతుంది. ఆవేళ మాత్రం కుర్చీలోంచి లేవలేదు.

ఓనరు త్రినాథరావుగారు పొద్దున్నే చెప్పేశారు. రేపట్నుంచి మెయిళ్ళు బయటి కంపెనీ చూసుకుంటుందట. మూలనున్న పాత కంప్యూటర్ని ఇవాళే ఆపేసి కిందకి దింపించాలట.

ఆయనకది పాత డబ్బా. సింధూరకి శ్రీకర్ చేతులు తిరిగిన చోటు. ఆఫీసు కంప్యూటర్లు అతనే చూసుకునేవాడు. అందులో లైనక్స్ వేసి, ఆఫీసుకొచ్చే మెయిళ్ళన్నీ అందుకునే సర్వర్ పెట్టింది అతనే. వానలు మొదలైన కొత్తలో పెద్ద అంబర్‌పేట్ దగ్గర బండి జారి, దవాఖానకి చేరకుండానే పోయాడు. ఇద్దరి మధ్యా ఏముందో ఎవరికీ తెలీదు. తెలీదు గనక నలుగురిలో ఏడ్చే హక్కు కూడా ఆమెకి దక్కలేదు.

ఒకసారి పక్కన కూర్చోబెట్టుకుని చూపించాడు. సర్వర్ ఎప్పుడూ తెర వెనకాలే నడుస్తుంది, కంటికి కనపడదు. కావాలంటే దాన్ని ఆపి, తెరమీదే నడిపించుకోవచ్చు. అప్పుడు వచ్చే ప్రతి మాటా వరసగా కనిపిస్తుంది. మెయిల్ పంపేవాళ్ళు ముందు హలో అనాలి. పంపేదెవరో, ఎవరికో చెప్పాలి. తర్వాత అసలు సంగతి. చివర్న ఒక వరసలో చుక్క ఒక్కటే పెట్టాలి. ఆ చుక్క పడేదాకా మెయిల్ అందనట్టే. ఇదంతా చెప్పి, "మనుషులు గూడ గిట్ల వరసగ మాట్లాడితే ఎంత మంచిగుంటది" అని ఆమె కళ్ళలోకి చూసి నవ్వాడు.

ఆఖరిసారి అతని పని చూసుకోవాలనిపించింది. వెనకాల నడుస్తున్నదాన్ని ఆపి, తెరమీద నడిపించింది.

నల్లటి తెర. కిటికీ బయట వాన. కంప్యూటర్ లోపల చిన్న ఫ్యాను ఒకటే రొద...

ఒక వరస కదిలింది. ఎవరో హలో అన్నారు. ఎక్కణ్ణుంచా అని చూస్తే, ఇదే కంప్యూటర్ లోంచి. కీబోర్డు ఆమె ముందే ఉంది. ఆమె చేతులు ఒళ్ళో ఉన్నాయి.

పంపేది శ్రీకర్.
ఎవరికి అంటే, సింధూరకి.

సింధూ... ఉన్నవా

చున్నీ నోటికి అడ్డం పెట్టుకుంది. భయం వెయ్యలేదు. ఇన్నాళ్ళూ ఆపుకున్న ఏడుపు ఒక్కసారిగా బయటికొచ్చింది.

అప్పుడే హమాలీల మేస్త్రీ మహిపాల్ మెట్లెక్కి వచ్చాడు. కింద ఆటోట్రాలీ నిలబెట్టానని, డబ్బా దించేద్దామని అన్నాడు. సింధూర చేతులు జోడించింది. కాసేపు ఆగమంది. ఇంకొక్క కాసేపే.

"డబ్బాకు ఇంత సాగనంపుడా బిడ్డా? మా చెల్లె పెండ్లికి గూడ నేను ఇంత ఏడ్వలే" అంటూ అతను వెళ్ళి గుమ్మంలో కూర్చుని బీడీ ముట్టించాడు.

ఈడ చానా చీకటుంది సింధూ
మెట్లున్నయి. ఎక్కుతున్న

"రా" అంది తెరతో, గుసగుసగా. "రా శ్రీకర్... నేనిక్కడే ఉన్నాను."

గదిలోకి తడిమట్టి వాసన వచ్చింది. కిటికీ మూసే ఉంది.

ఎవలో నా చెయ్యి పట్టి రాయిపిస్తున్నరు
నువ్వు రా అన్నది ఆయన ఇన్నడు
ఆయనకు నీ ఇల్లు తెల్వదు. నా మెయిల్ ఎంబడి ఒస్తడట
చుక్క పెట్టనియ్యకు
బంద్ చెయ్యి

చేతిని కీబోర్డు మీదికి తెచ్చింది. నొక్కలేదు. ఆపితే, ఇంక శ్రీకర్ లేడు. ఎక్కడా లేడు. ఒక్క మాట... ఇంకొక్క మాట చదువుకుని ఆపేద్దామనుకుంది.

బంద్ చెయ్యి సింధూ

నొక్కింది. సర్వర్ ఆగిందని తెర చెప్పింది. ఆ వెంటనే మళ్ళీ మొదలైంది. ఆగిపోతే తనంతట తానే లేచేట్టు అమర్చింది శ్రీకరే. మళ్ళీ ఆపింది. మళ్ళీ లేచింది. కరెంటు వైరు పట్టి లాగేసింది. కరెంటు పోతే నడిపే బ్యాటరీ కూతపెట్టింది గానీ తెర ఆరలేదు. వరసలు కిందికి జారుతూనే ఉన్నాయి. ఇప్పుడు వాటిలో మాటలు లేవు. ఖాళీ వరసలు. ఒకటి... ఇంకొకటి...

"మహిపాలన్నా..."

అతను బీడీ పారేసి వచ్చాడు. డబ్బా ముందున్న బటన్ని బొటనవేలితో నొక్కి, వదలకుండా పట్టుకున్నాడు. ఫ్యాను మూలిగి ఆగిపోయింది. తెర నల్లబడింది.

"చుక్క పడిందా అన్నా? మీరు చూశారా?"

"ఏం చుక్క బిడ్డా?"

బ్యాగు తీసుకుని మెట్లు దిగింది. మెట్రోలో దిల్‌సుఖ్‌నగర్ దాకా కళ్ళు మూసుకునే కూర్చుంది. జనం కిక్కిరిసి ఉన్నా, ఆమె పక్క సీటులో ఎవరూ కూర్చోలేదు. ఇల్లు చేరి, మూడో అంతస్తు దాకా మెట్లెక్కి గ్రిల్ తట్టింది. తల్లి సీతామహాలక్ష్మి తలుపు తీసింది. కూతురి మొహం వైపు చూడనేలేదు. ఆమె భుజం మీదుగా మెట్ల వైపు చూసి, కొంగు సర్దుకుంది.

"ఏమిటే, పెద్దాయన్ని అలా చీకట్లో నిలబెట్టేశావు? పక్కకి జరుగు, లోపలికి రానీ." అని, మెట్ల వైపు తిరిగి మర్యాదగా గొంతు తగ్గించింది. "అయ్యో, కాళ్ళన్నీ బురదే. ఉండండి బాబాయిగారూ, నీళ్ళు పోస్తాను."

వద్దమ్మా అనబోయింది సింధూర. అప్పటికే తల్లి లోపలికి వెళ్ళిపోయింది. వెనక్కి తిరిగే ధైర్యం లేదు.

తల్లి చెంబుతో వచ్చి, గుమ్మంలో వంగి, నీళ్ళు పోస్తోంది. చెంబు పూర్తిగా వంగింది. ఖాళీ అయిపోయింది.

నేలమీద ఒక్క చుక్క పడిన చప్పుడైనా వినిపించలేదు.