మిర్గం నాడు పన్నెండు తలకాయలు

"పన్నెండే ఫారం చేపలు తారక్! మూసీలో పడితే మనవాటిని తినేస్తాయి, ఐదేళ్లలో మన చేప ఒక్కటీ మిగలదు," అన్నారు చీఫ్ ఫణీంద్ర.

ఎర్రమంజిల్ ఆఫీసులో ఏజెంట్ తారక్ కుర్చీ ముందుకు లాక్కున్నాడు. అతని అన్న సారయ్య మూసీ ప్రాజెక్టులో వల వేసి బతుకుతున్నాడు.

"విదేశీ ముఠా ప్లాన్. మన చేప పోతే అందరూ వాళ్ల సీడే, అంటే చేపపిల్లలే, కొనాలి. ఫారం చేప తప్పించుకోకూడదని డబుల్ మెష్ వల, ట్యాంకుకి సీలు, చేప తలలో చిప్... ఇన్ని రూల్స్ పెట్టాం. సీలు వేసే ఇన్‌స్పెక్టర్ రవళే డబుల్ ఏజెంట్! ఆ పన్నెండింటినీ అమీర్‌పేట మార్కెట్లో దాచింది. ఇవాళ పొద్దున పదకొండుకి పంజాగుట్ట వంతెన మీద కెమెరాలు ఆగిపోతాయి. అప్పుడు నాలాలో వదులుతుంది. ఆ నీళ్లు చివరికి మూసీలోకే."

చిప్ కనిపెట్టే స్కానర్ సంచిలో వేసుకుని, లుంగీ కట్టి, అన్న విసురు వల భుజాన వేసుకుని తారక్ మార్కెట్లో దూరాడు. చేపలమ్మే జీవమణి దుకాణం ముందు స్కానర్ మోగింది. కానీ టబ్బు ఖాళీ!

"అక్కా, గిండ్ల చేపలేవి?"

"ఎవలో మేడమ్ జర సూడమని పెట్టిపోయింది. ఇయ్యాల మిర్గం గదన్నా! నా సరుకు అయిపోయింది, జనం ఒకటే లొల్లి. అవి సుత కోసి అమ్మిన."

ఇంటింటా చేప వండుకునే మృగశిర కార్తె నాడు హైదరాబాద్‌లో బతికున్న చేపని వదిలిపోతే మిగులుతుందా? విదేశాల్లో పెరిగిన రవళికి ఆ సంగతి తెలియదు పాపం.

తారక్ తలకాయల బకెట్ స్కాన్ చేశాడు. పది చిప్పులే!

"రెండు మిగిలితే గా మేడమ్ ఇప్పుడే పట్టుకపోయింది. మస్తు గరమైంది."

ఒక ఆడ, ఒక మగ ఉంటే చాలు, సంతానం పెరిగిపోతుంది. తారక్ వంతెన వైపు పరుగెత్తాడు.

పదకొండుకి నిమిషం తక్కువ. వంతెన మీద సిల్కు చీర, నల్ల కళ్లద్దాలు, చేతిలో నీళ్ల కవరు. కింద నల్లటి నాలా.

"ఏంటయ్యా, వలతో ఇక్కడేం పని?" అంది రవళి, లుంగీలో ఉన్న ఏజెంటుని గుర్తుపట్టక.

"చేపలు పడతయేమోనని, మేడమ్."

"కొన్నాళ్లాగు. బోలెడు పడతాయి," అని నవ్వి, చెయ్యి పిట్టగోడ అవతలికి చాపి కవరు ముడి విప్పింది.

తారక్ వల విసిరాడు. రవళి, చెయ్యి, కవరు అన్నీ చిక్కుకున్నాయి. నీళ్లన్నీ నాలాలో పడ్డాయి. రెండు చేపలూ వలలోనే కొట్టుకుంటున్నాయి.

పోలీసులు రవళిని జీపెక్కించాక తారక్ ఆ రెండు చేపల్నీ జీవమణి ముందు పెట్టాడు.

ఆమె కత్తిపీట ముందుకు లాక్కుంది. "పులుసుకు కొయ్యాల్నా, ఫ్రైకా?"

"నీకెట్ల ఇష్టమైతే అట్ల కోసుకో అక్కా. పన్నెండు తలకాయలు మాత్రం గవర్నమెంటువి!"